ఉద్యోగం మానకుండా, ఉదయగిరి నుంచి హంపీ దాకా

ఉద్యోగం చేసుకుంటూ తరచుగా ఊళ్ళు తిరగాలంటే దండిగా సెలవులైనా ఉండాలి, అడిగినప్పుడల్లా సరేననే పై అధికారి అయినా దొరకాలి అని మా నెల్లూరులో నాకు తెలిసినవాళ్ళు చాలామంది అంటూ ఉంటారు. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేస్తున్నాను. నా సెలవులు బ్యాంకుల్లో అందరికీ ఉన్నవే. ఏడాదికి 12 క్యాజువల్ లీవులు ఉంటాయి, వాటిని ఒకేసారి 4 రోజులకు మించి వాడుకోవడానికి వీల్లేదు. ప్రివిలేజ్ లీవు కావాలంటే చాలా ముందుగా రాసివ్వాలి. 2015 సెప్టెంబరు నుంచి నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. ఈ కాస్త సమయంతోనే ఏడాది పొడవునా ఏదో ఒక ప్రయాణం సాగుతూ ఉండేలా చూసుకోవచ్చునని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంటి అప్పును నెలనెలా వాయిదాల్లో తీర్చుకున్నట్టు, ఒక పెద్ద ప్రయాణాన్ని చిన్న చిన్న ప్రయాణాలుగా విడగొట్టుకోవాలి. అవన్నీ ఒకే విషయం చుట్టూ అల్లుకుని ఉండాలి. మొదలు మాత్రం మన జిల్లాలోనే ఉండాలి.

ఏడాదికి ఒక పెద్ద ప్రయాణం పెట్టుకోవడం మనవాళ్ళకు అలవాటు. పిల్లల వేసవి సెలవుల్లో, మే నెల ఎండల్లో, అందరూ బయలుదేరే వారంలోనే మనమూ బయలుదేరతాము. గదుల అద్దెలు పెరిగేదీ, రైలు బెర్తులు దొరకనిదీ సరిగ్గా అప్పుడే. ఆ వారంలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, ఆఫీసుకు ఆడిట్ వచ్చినా ఆ ఏడాదికి ఇక ప్రయాణం లేనట్టే. మిగిలిన పదకొండు నెలలూ ఎదురుచూపులతో గడిచిపోతాయి. అదే ప్రయాణం ముక్కలుగా ఉంటే, ఒక ముక్క తప్పిపోయినా తరవాతి నెలలో అందుకోవచ్చు. రెండు ముక్కల మధ్య వచ్చే వారాల్లో చదువుకోవచ్చు, అడిగి తెలుసుకోవచ్చు. అలా చదువుకుని వెళ్ళిన చోట ఒక పూట గడిపినా, ఏమీ తెలియకుండా మూడు రోజులు తిరిగినదానికంటే ఎక్కువ మిగులుతుందని నా అనుభవం.

నేను పట్టుకున్న విషయం శ్రీకృష్ణదేవరాయల తూర్పు దండయాత్ర. నా చదువు కామర్స్. చరిత్రతో నాకున్న సంబంధం ఇష్టం వల్ల ఏర్పడినదే తప్ప పాండిత్యం వల్ల కాదు. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న మా ఉదయగిరి దుర్గాన్ని రాయలు 1514లో గెలుచుకున్నాడనీ, అక్కడ పూజలందుకుంటున్న బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళి, దానికోసం ప్రత్యేకంగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడనీ, ఇప్పుడు ఆ విగ్రహం చెన్నైలో ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉందనీ తెలిసినప్పటి నుంచి, అది వెళ్ళిన దారిలో నేనూ వెళ్ళి చూడాలన్న కోరిక నన్ను వదలలేదు. ఉదయగిరి, హంపీ, చెన్నై అనే మూడు పేర్లను కాగితం మీద రాసుకుని చూస్తే మొదటిది ఒక ఆదివారానికి సరిపోతుంది, మూడోది ఒక శనివారానికి సరిపోతుంది, నడిమిదానికి మాత్రమే సెలవు పెట్టాలి. ఒక రాజు యుద్ధయాత్రను, ఒక దేవుడి వలసను తెలుసుకోవడానికి ఇంత తక్కువ సెలవు చాలునన్న సంగతి ఆ కాగితం చూశాకే నాకు అర్థమయింది.

నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరితే బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు మీదుగా ఎండెక్కకముందే కొండ కింద ఉంటాము. సంగం దాకా దారికి రెండు పక్కలా పెన్న నీళ్ళు పారే వరిమళ్ళు కనబడతాయి. సంగం దగ్గర 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ ఉంది. ఆత్మకూరు దాటాక నేల మారిపోతుంది. మాగాణి పోయి మెట్ట వస్తుంది, మెట్ట పోయి ముళ్ళ తుప్పలు వస్తాయి, ఆ వెనక కొండల వరస నిలబడుతుంది. ఒకే జిల్లాలో ఇంత తేడా ఉందని, డెల్టాలో పుట్టి పెరిగిన నాకు మ్యాపు చూసి తెలుసుకోవడం వేరు, ఒక ఉదయం పూట కళ్ళతో చూసుకుంటూ పోవడం వేరు.

కొండ ఎక్కడం తేలిక కాదు. దారి కొంత దూరం రాళ్ళ మెట్లుగా ఉంటుంది, కొంత దూరం చెట్ల మధ్య కాలిబాటగా ఉంటుంది, కొన్నిచోట్ల ఉందో లేదో తెలియదు. పైకి చేరేసరికి నా చుడీదారు అంచుల నిండా ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా లాగి పారేయడానికి ఒక గోడ నీడలో కూర్చున్నప్పుడే ఆ గోడను నిదానంగా చూశాను. రాయి మీద రాయి పేర్చుకుంటూ, కొండ అంచు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, కింది లోయ కనబడేంత దూరమూ అది సాగిపోయింది. కొండ మీద పాత మసీదు ఉంది, నీళ్ళ గుంటలు ఉన్నాయి, కూలిన కట్టడాలు ఉన్నాయి. గజపతులు, రాయలు, గోల్కొండ సుల్తానులు ఒకరి తరవాత ఒకరు ఇక్కడ నిలిచిన గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి. రెండు నీళ్ళ సీసాలు మోసుకుని ఎక్కడానికే మాకు అంత ఆయాసం వచ్చినప్పుడు, పైన ఉన్నవాళ్ళు బాణాలూ రాళ్ళూ వేస్తుంటే కింది నుంచి ఒక సైన్యం ఎక్కి రావడం ఎంతటి పని! ముట్టడి ఏడాదికి పైగా ఎందుకు సాగిందో పుస్తకంలో ఎంత చదివినా అర్థం కాలేదు గానీ, ఆ గోడ నీడలో కూర్చుంటే అర్థమయింది.

దిగి వచ్చాక ఊళ్ళో చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గరికి తప్పకుండా వెళ్ళాలి. నర్ది, బిక్కి వంటి చెట్ల చెక్కతో చేసే ఆ చెంచాలు, గరిటెలు, ఫోర్కులు భౌగోళిక గుర్తింపు పొందినవి. చెంచా పట్టుకునే కాడ చివర సన్నటి చెక్కడపు పని ఉంటుంది. చేసే మనిషి ఆ చివరను కాలి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని చెక్కుతుంటే, మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగదు. ఉదయగిరిని కోట కోసం చూడబోయేవాళ్ళు ఈ పనివాళ్ళకు ఒక గంట అయినా ఇవ్వాలని నా మనవి.

రెండో ముక్క ముందుగా అనుకున్నది కాదు. యుద్ధం ముగిసి సంధి కుదిరాక గజపతి తన కూతురిని రాయలకిచ్చి పెళ్ళి చేశాడనీ, ఆ రాజకుమార్తె వరదరాజమ్మే గుండ్లకమ్మ నీటిని ఆపి కంభం చెరువు కట్టించిందనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అంటే ఉదయగిరిలో మొదలైన కథకు ప్రకాశం వైపున ఇంకొక కొస ఉంది. మా దగ్గరి బంధువుల పెళ్ళి ఒకటి ఒంగోలులో శనివారం రాత్రి ముహూర్తానికి కుదిరింది. ఎలాగూ అంత దూరం వచ్చాము గదా అని మర్నాడు ఉదయమే బయలుదేరి, పొదిలి, మార్కాపురం మీదుగా కంభం వెళ్ళాము. రెండు కొండల నడుమ ఉన్న సందును మూసి కట్టిన కట్ట అది. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్ళు, రెండో పక్క చాలా దిగువన పొలాలు కనబడతాయి. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ సంఘం 2020లో దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఈ చెరువు వానల మీద ఆధారపడినది కాబట్టి, ఆ ఏడాది వానలు బాగా పడ్డాయో లేదో కనుక్కుని వెళ్ళడం మంచిది.

ఈ పెళ్ళి సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్పానంటే, ఉద్యోగస్థుల శని, ఆదివారాల్లో చాలా భాగం పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, బారసాలలకు పోతుంది. వాటిని మానుకోలేము, మానుకోకూడదు కూడా. అయితే ప్రతి శుభకార్యమూ మనల్ని ఏదో ఒక ఊరికి తీసుకువెళుతుంది; రానుపోను ఖర్చూ, శ్రమా ఎలాగూ తప్పనివి. శుభలేఖ అందగానే ఆ ఊరి చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో ఏముందో చూసుకోవడం, భోజనాలయ్యాక ఒక పూట అదనంగా మిగుల్చుకోవడం నేను అలవాటుగా పెట్టుకున్నాను. సెలవు చీటీ రాయకుండా దొరికే సమయమంటే ఇదే.

హంపీకి మాత్రం సెలవు పెట్టాము. రేణిగుంట చేరి, కడప మీదుగా గుంతకల్లు వెళ్ళే రైలెక్కి, అక్కడ మారి హోసపేట చేరాము. జనవరి చివరి వారాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది: ఆ బండలు ఎండాకాలంలో రాత్రి కూడా వేడి కక్కుతాయి, జనవరిలో అయితే మధ్యాహ్నం కూడా నడవవచ్చు. హంపీ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను కృష్ణాలయం గురించి మాత్రమే చెబుతాను. విరూపాక్షుడి గుడికి వెళ్ళేవాళ్ళు, ఏకశిలా నరసింహుడిని చూసేవాళ్ళు ఈ గుడి పక్కనుంచే పోతారు. లోపలికి వచ్చేవాళ్ళు తక్కువ. తూర్పు గోపురం మీద సున్నపు పనితో చేసిన సైనికుల బొమ్మలు, గుర్రాలు, ఏనుగులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఆవరణలో ఒక శాసనపు రాయి రాయల విజయాన్ని చెబుతుంది. గర్భగుడిలో మూలవిరాట్టు లేదు. మా అమ్మాయి లోపలికి తొంగి చూసి, "ఇక్కడ దేవుడేడమ్మా?" అని అడిగింది. ఉదయగిరి కొండ నుంచి వచ్చి ఇక్కడ ఉండి, ఇప్పుడు చెన్నైలో ఉన్నాడని చెప్పాను. అయితే చెన్నై ఎప్పుడు పోదామని వెంటనే అడిగింది. ఒక ప్రయాణమే తరవాతి ప్రయాణాన్ని అడిగి తెచ్చుకుంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎగ్మూరు మ్యూజియం ఒక రెండో శనివారానికి కుదిరింది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లే కాబట్టి తెల్లవారుజామున రైలెక్కితే పొద్దున్నే సెంట్రల్లో దిగవచ్చు, అక్కడి నుంచి మెట్రోలో తరవాతి స్టేషనే ఎగ్మూరు. మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారం. ఇది గుర్తుంచుకోకుండా వెళితే రోజంతా వృథా అవుతుంది. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో మనకు కావలసిన విగ్రహం ఒక్కటే కాదు, అమరావతి స్తూపం శిల్పాలు ఒక గది నిండా ఉన్నాయి. దెబ్బతిన్న ఆ బాలకృష్ణుడి ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. పక్కనుంచి వచ్చేవాళ్ళు ఒక చూపు చూసి ముందుకు వెళ్ళిపోతున్నారు. అందులో వాళ్ళ తప్పు లేదు. ఉదయగిరి మెట్లు ఎక్కి, హంపీలో దేవుడు లేని గర్భగుడి చూసి వచ్చినవాళ్ళకు ఆ రాయి చెప్పే సంగతులు, నేరుగా మ్యూజియానికి వచ్చినవాళ్ళకు తెలియాలంటే ఎలా తెలుస్తాయి?

ఇక సమయం సంగతి. ముందుగా ఏడాదిని చూసుకోవాలి. బ్యాంకులో మార్చి నెల మాది కాదు. 31వ తేదీ లెక్కలు ముగిసి, ఏప్రిల్ మొదటి తేదీ గడిచేదాకా ప్రయాణం మాట ఎత్తను. సెప్టెంబరు చివర అర్ధ సంవత్సరపు లెక్కలు ఉంటాయి. నవంబరులో పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ల కోసం వస్తారు. వాళ్ళలో కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళు ఉంటారు, ఆ నెలలో కౌంటరు వదిలి వెళ్ళడం నాకు న్యాయంగా తోచదు. పైగా మన కోస్తాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి కూడా తెగి, ఎక్కడివాళ్ళు అక్కడ చిక్కుకుపోయారు. అందుకే ఆ మూడు నెలల్లో దూర ప్రయాణాలు పెట్టుకోను, ఒక పూటలో వెనక్కి రాగలిగే చోట్లకే వెళతాను. ఇవన్నీ, ఎండలు మండే నెలలూ తీసేస్తే జనవరి, ఫిబ్రవరి, జూలై, ఆగస్టు నెలలు చేతికి మిగులుతాయి. సంక్రాంతి మన వైపు ఉండేవాళ్ళకు ఒక మేలు కూడా చేస్తుంది: పండగకు ముందు హైదరాబాదు నుంచి మన జిల్లాలకు వచ్చే బండ్లలో కాలు పెట్టడానికి చోటు ఉండదు గానీ, ఇక్కడి నుంచి అటు వెళ్ళే బండ్లలో చాలాసార్లు బెర్తులు దొరుకుతాయి. జనానికి ఎదురు దిశలో పోవడమన్నది సొంత జిల్లాలో ఉద్యోగం చేసేవాళ్ళకు దొరికిన వసతి, దాన్ని వాడుకోవాలి.

తరవాత టికెట్లు. 2024 నవంబరు నుంచి రైల్వేలో ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. దీన్ని చాలామంది ఇబ్బందిగా భావించారు గానీ నాకు మేలే జరిగింది. నాలుగు నెలల తరవాత ఆఫీసులో పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, రెండు నెలల తరవాతిది కొంత వరకు చెప్పవచ్చు. రిజర్వేషను తెరుచుకునేది ఉదయం 8 గంటలకు. బ్యాంకు తెరిచేది 10 గంటలకు. అంటే ఇంట్లో వంట పని మధ్యలోనే టికెట్ తీసుకోవచ్చు. తత్కాల్ మీద నేను ఆశ పెట్టుకోను. ఏసీ తరగతులకు తత్కాల్ తెరుచుకునే 10 గంటలు మా తలుపులు తెరుచుకునే సమయం, స్లీపరుకు తెరుచుకునే 11 గంటలు కౌంటరు ముందు వరస పెరిగే సమయం. ఎదురుగా మనిషిని నిలబెట్టి ఫోనులో టికెట్ చూసుకోవడం ఏ ఉద్యోగికీ తగదు. మన నెల్లూరు, ఒంగోలు స్టేషన్లు చెన్నై, విజయవాడల మధ్య ప్రధాన మార్గం మీద ఉండడం వల్ల ఉత్తరాదికి, హౌరాకు, హైదరాబాదుకు వెళ్ళే బండ్లు రాత్రింబగళ్ళు ఇటే పోతుంటాయి. సాయంత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగవచ్చు. పెద్ద నగరంలో ఉండేవాళ్ళకు స్టేషను చేరడానికే గంటన్నర పడుతుంది. మాకు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, స్నానం చేసి, భోజనం చేసి కూడా తీరిగ్గా బండి అందుకునే వీలుంటుంది.

అయితే క్యాలెండరు, టికెట్టు ఎన్ని ఉన్నా, నా ప్రయాణం నిజంగా ఖాయమయ్యేది శుక్రవారం సాయంత్రం స్ట్రాంగ్ రూములోనే. మా శాఖలో నగదుకూ, బంగారు రుణాల సంచులకూ ఇద్దరం ఉమ్మడి బాధ్యులం. ఇద్దరి తాళంచెవులూ పెడితే గానీ తలుపు తెరుచుకోదు. నేను సెలవులో ఉంటే నా తాళం ఇంకొకరికి అప్పగించాలి. అప్పగించడమంటే చేతిలో పెట్టి వెళ్ళిపోవడం కాదు. నోట్ల కట్టలు విలువల వారీగా లెక్క చూడాలి, చిరిగిన నోట్ల కట్టలు వేరుగా చూడాలి, నాణేల సంచులు చూడాలి, బంగారం సంచుల వరస సంఖ్యలు రిజిస్టరుతో సరిపోయాయో లేదో ఒక్కొక్కటి చదువుకుంటూ పోవాలి. ఆ తరవాత తాళాల రిజిస్టరులో తేదీ, సమయం వేసి ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేయాలి. ఆ సంతకం పెట్టడమంటే, నేను ఎక్కడో కొండల్లో తిరుగుతున్నంతసేపూ నా బరువును ఒక తోటి ఉద్యోగి మోయడానికి ఒప్పుకోవడం. మా శాఖలో ఆ పని చాలాసార్లు చేసిన పెద్దాయన ఒకరు ఉన్నారు. "మీరు నిదానంగా పోయిరాండి మేడమ్, ఈడ నేను చూసుకుంటా. దీపావళికి మాత్రం నేను కూతురు కాడికి పోవాల, అది గుర్తుపెట్టుకోండి," అని ఆయన అంటారు. నేను గుర్తుపెట్టుకుంటాను. దీపావళికి, రంజానుకు, క్రిస్మసుకు ముందూ వెనకా ఎవరికి ఏ రోజు కావాలో సంవత్సరం మొదట్లోనే అడిగి రాసిపెట్టుకుంటాను, ఆ రోజుల్లో నేను ఉంటాను. పండగకు ముందూ వెనకా ఆఫీసులో కూర్చోవడం నాకు కష్టమనిపించదు, ఎందుకంటే పండగ రోజుల్లో ప్రయాణం చేయడం నాకు ఎలాగూ ఇష్టం ఉండదు. సెలవు విషయంలో పై అధికారిని ఒప్పించడం గురించే అందరూ మాట్లాడతారు. పక్క కుర్చీలో ఉన్నవాళ్ళ అవసరాలు ముందుగా తెలుసుకోవడం గురించి ఎవరూ మాట్లాడరు. నా వరకు రెండోదే ముఖ్యం.

ఇంట్లో కూడా ఇలాంటి లెక్కే ఉంటుంది. మావారు అధ్యాపకులు కాబట్టి ఆయన సెలవులు వేరు, నా సెలవులు వేరు. అమ్మాయి పరీక్షలు మరొక లెక్క. ముగ్గురికీ కలిసే రోజులు తక్కువ. అందుకే కొన్ని ప్రయాణాలు ముగ్గురం చేస్తాము, కొన్ని అమ్మాయీ నేనూ చేస్తాము, ఒకటి రెండు నేను ఒక్కదాన్నే చేశాను. మొదట్లో అత్తయ్యకు ఇది నచ్చలేదు. "ఆదివారం పూట ఇంటిపట్టున ఉండి చేపల పులుసు తిని కాసేపు పడుకోకుండా, ఎండలో కొండలెక్కేది ఏందమ్మా?" అనేవారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. వారమంతా పనిచేసిన కోడలు ఒక్క రోజైనా ఒళ్ళు వాల్చాలన్నది ఆవిడ తాపత్రయం. అన్ని ఆదివారాలూ తిరగడం నేను కూడా పెట్టుకోలేదు. నెలలో రెండు ఆదివారాలు కచ్చితంగా ఇంటివే, వాటి జోలికి పోను. కంభం చెరువు చూడడానికి అత్తయ్య కూడా మాతో వచ్చారు. కట్ట మీద నిలబడి, ఎన్ని ఎకరాలు పారుతుందని ఆవిడ అక్కడి రైతును అడిగి తెలుసుకున్నది, నేను పుస్తకాల్లో తెలుసుకున్నదానికంటే ఎక్కువే.

తిరుగు ప్రయాణం విషయంలో నేను కఠినంగా ఉంటాను. సోమవారం తెల్లవారుజామున దిగే బండి ఎక్కితే ఒక పూట అదనంగా తిరగవచ్చని చాలామంది సలహా ఇస్తారు. డబ్బు లెక్కపెట్టే ఉద్యోగంలో నిద్రలేని కళ్ళతో కూర్చోవడం ప్రమాదం. నగదు తగ్గితే లెక్కపెట్టినవారే కట్టుకోవాలి. బస్సు నడిపేవారికి, ఆసుపత్రిలో మందు ఎక్కించే నర్సుకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఆదివారం రాత్రి భోజనం వేళకు ఇంట్లో ఉండగలిగేంత దూరమే రెండు రోజుల సెలవుకు హద్దు అని పెట్టుకున్నాను. ఆ హద్దు దాటే ఊళ్ళు ఆ జాబితా నుంచి తీసేసి పెద్ద సెలవుల జాబితాలో వేస్తాను.

వారానికి ఆరు రోజులు పనిచేసేవాళ్ళు, ప్రైవేటు బడుల్లో, దుకాణాల్లో, రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవాళ్ళు మన జిల్లాల్లో ఎక్కువ. వాళ్ళకు రెండో శనివారం లేదు. అయినా ఒక్క ఆదివారంతో సరిపోయే వరసలు ఇక్కడ ఉన్నాయి. చెన్నై నగరం తాగే కృష్ణా నీరు శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా పూండి చేరుతుంది. ఆ నీటి కోసం మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి, నీరు తమిళనాడు చేరినది 1996లో. ఇందులో సోమశిల, కండలేరు నెల్లూరు నుంచి చెరొక ఆదివారానికి సరిపోతాయి, కండలేరు వైపు వెళ్ళినవాళ్ళు పెంచలకోన కూడా చూసి రావచ్చు. ఉదయగిరి దాటి సీతారామపురం మీదుగా వెళితే భైరవకోనలో ఒకే కొండలో తొలిచిన 8 గుహాలయాలు ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి ఉండవల్లి, మొగల్రాజపురం గుహల దాకా పోయే వరస ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఖర్చు గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే: ఆర్టీసీ బస్సు, ఇంట్లో కట్టుకున్న పులిహోర పొట్లం, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావడం అనే మూడూ ఉంటే గది అద్దె ఉండదు, గది అద్దె లేకపోతే ప్రయాణంలో పెద్ద ఖర్చు ఉండదు.

రాయల దారిలో మాకు ఇంకా కొంత మిగిలి ఉంది. ఉదయగిరి తరవాత అద్దంకి, వినుకొండ వంటి కోటలు గెలుచుకుంటూ వెళ్ళిన ఆయన 1515లో కొండవీడును పట్టుకున్నాడు. కొండవీడు జాతీయ రహదారికి దగ్గరలోనే, చిలకలూరిపేట, గుంటూరుల మధ్య ఉంది కాబట్టి గుంటూరులో ఎవరిదో ఒకరి శుభకార్యానికి దాన్ని ముడిపెట్టుకున్నాము. ఆ తరవాత సింహాచలం. 1516లో ఆయన అక్కడికి వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు గుడిలో శాసనం ఉంది. శుక్రవారం రాత్రి రైలెక్కితే శనివారం పొద్దున విశాఖపట్నంలో దిగవచ్చు. చందనోత్సవం రద్దీ లేని, మా మార్చి లెక్కలు ఇంకా మొదలుకాని ఫిబ్రవరి రెండో శనివారాన్ని దీనికి అనుకున్నాము. అందుకు డిసెంబరులోనే టికెట్ తీయాలి. అమ్మాయి బడిలో ఆ వారం పరీక్షలు లేవని కనుక్కున్నాను, తాళం పుచ్చుకునే పెద్దాయనకు కూడా ముందే చెప్పి ఉంచాను. ఆదివారం మధ్యాహ్నం విశాఖలో ఎక్కే బండి నెల్లూరుకు బాగా రాత్రి చేరుతుంది కాబట్టి, నేను పెట్టుకున్న హద్దు ప్రకారం సోమవారం ఒక క్యాజువల్ లీవు రాసివ్వాలి.